వినయనిధి అజరయ్యగారు



మన కులసభ వార్షిక సంచికయందు కులపెద్దల చరిత్రములు ప్రకటించుట ఆచారము. నేను మాత్రము మన కులమున జన్మింపని యొక మహనీయుని చరిత్రము వ్రాయ సాహసించితిని. నేను క్రైస్తవుడను గాను. సంస్కృతపాఠములు చెప్పి వృద్ధుడనైతిని. అయినను గుణ మెచ్చట నున్నను పూజ్యమే గదా!

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి మండలమందలి వెల్లాలన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామమునందలి క్రైస్తవ గురువు. వారిది నాడారు కులము. ఒకప్పుడు ఆ కులమువారికి దేవాలయప్రవేశము నిషిద్ధమై యుండెను. కావున అవమానమన నెట్టిదో వారి కొరు లెవ్వరును చెప్ప నక్కఱలేదు.

చెన్నపురి క్రైస్తవ కళాశాలయందు చదివిరి గాని పట్టము పొందలేదు. 1895 మొదలు 1909 వఱకు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమెల్ల తిరిగిరి. 1903లో తిరునల్వేలి భారత మిషనరీ సంఘమును, 1905లో జాతీయ మిషనరీ సంఘమును నెలకొల్పుటయందు ముఖ్యులైరి. దూరదేశములకు బోయి సేవ చేయుడని యువకులకు బోధించుచు, తాము మాత్రము సుఖముగ నుండుట తగదని వారికి తోచెను. అంతట 1909లో ఉద్యోగమును విడిచి, నిజాం రాజ్యమందలి దోర్నకల్‌కు వచ్చిరి. అప్పు డది అడవి పట్టు; గుడారమే నివాసము. ముప్పదియైదేండ్ల వయస్సున, బాలునివలె ఓనమాలు మొదలుకొని తెలుగు నేర్చుకొనిరి. చిన్నవాడనని యొప్పుకొనిన వానికే విద్య యబ్బును. ఏండ్లకొలది బడిపిల్లలను జూచిన నాకీ సంగతి బాగుగ తెలియును.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారు ప్రసంగించిరి. పాశ్చాత్యుల దానమునకును త్యాగమునకును కృతజ్ఞత తెలిపి, అంతకంటె తమకు స్నేహము కావలెనని నిర్భయముగ నడిగిరి. కొందఱికి కోపము వచ్చెను. వినయమనగా తలవంచి పడియుండుట యని తలంచువారు ఈ ఘట్టమును గమనింపవలెను. బిడ్డ తండ్రిని అన్న మడుగునప్పుడు భయపడునా? గర్వపడునా? అజరయ్యగారి విశ్వాసమును అట్టిదే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారికి బిషప్ పదవి లభించెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయులు వారే. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవపట్టము నిచ్చెను. చదువుకొని పొందని పట్టము సేవచేత లభించెను. అయినను వారి పాదములు పల్లెదారులను విడువలేదు. మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుడని బోధించిరి. భార్య అన్బుగారును ఆ సేవయందు తోడుగా నిలిచిరి. బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, తామెఱింగిన సువార్తను ఇతరులకు జెప్పుదుమని ప్రమాణము చేయించెడివారు. అక్షరము రాని కూలివానిని సైత మొక గురువుగా భావించుట దీని తాత్పర్యము. పేదలు వంటకు కొలుచు బియ్యమునుండి పిడికెడు తీసి దేవునికొఱకు దాచుకొనుటను ప్రోత్సహించిరి.

సంఘములో చేరిన పిమ్మటను మాలలు మాదిగలు ఒకరినొకరు దూరముగ నుంచుట వారిని మిగుల బాధించెను. ఒకే పాత్రనుండి ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనని యెడల విశ్వాసము వట్టి మాట యని వారి నిశ్చయము. దోర్నకల్ మహాదేవాలయమును హిందూ మహమ్మదీయ శిల్పరీతులను మేళవించి కట్టించిరి. 1939 జనవరి 6వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లోనే పరమపదించిరి. వారు పాటుపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘమై ఫలించెను. 1978లో దోర్నకల్ అధ్యక్షఖండమునుండియే మన కరీంనగర అధ్యక్షఖండ మేర్పడెను.

సోదరులారా! పైమెట్టువారు మనలను అవమానించిరని ప్రతి మహాసభలోను మొఱపెట్టుకొనుచున్నాము, అది న్యాయమే. మనకంటె క్రిందిమెట్టున నున్నవారిని మనము మన బావియొద్దకు రానిచ్చితిమా? మన పంక్తిని కూర్చుండనిచ్చితిమా? ఈ ప్రశ్నకు తలయెత్తి ప్రత్యుత్తర మీయగలిగిన నాడే మన తీర్మానములకు విలువ. కులసభ కులగర్వమునకు గద్దె కారాదు. ఈ సంవత్సరము అట్టి ప్రత్యుత్తరమునకు ప్రతి గ్రామశాఖయు సిద్ధపడుగాక యని వృద్ధుని మనవి.