నక్షత్రాల కొలువును గ్రంథస్థం చేసిన ఉద్యోగి

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. మన దేశపు మహనీయులను గూర్చి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను రెండు వేల ఏళ్ళనాటి ఒక చైనా ప్రభుత్వోద్యోగిని ఎన్నుకున్నాను. ఆయన పేరు సిమా చియాన్. లోకం ఆయనను చైనా చరిత్ర రచనకు పితామహుడంటుంది. గుమాస్తాగా బతికిన నాకు మాత్రం ఆయన ముందుగా ఒక ఉద్యోగి.

ఆయన పసుపు నది దరినున్న లుంగ్‌మెన్ ప్రాంతంలో క్రీ.పూ. 145లో పుట్టాడని కొందరు, 135లో అని కొందరు చెబుతారు. తండ్రి సిమా టాన్ హాన్ వంశపు వూ చక్రవర్తి కొలువులో తైషి పదవిలో ఉండేవాడు. పంచాంగం గుణించడం, ఆకాశంలో కనిపించే వింతలను నమోదు చేయడం, రికార్డులు కాపాడడం ఆ పదవి విధులు. అప్పట్లో ఉద్యోగాల గ్రేడులను ధాన్యం కొలతల్లో చెప్పేవారు. ప్రధానమంత్రిది 10,000 షి గ్రేడయితే తైషిది 600 షి మాత్రమే.

క్రీ.పూ. 110లో చక్రవర్తి తైషాన్ పర్వతం మీద జరిపిన మహాక్రతువుకు సిమా టాన్‌ను వెంట తీసుకుపోలేదు. ఆ దిగులుతోనే ఆయన మంచం పట్టి, తాను మొదలుపెట్టిన చరిత్రను పూర్తి చేయమని కొడుకు చేయి పట్టుకుని ఏడ్చి కన్నుమూశాడు. క్రీ.పూ. 108లో ఆ పదవి కొడుకుకు వచ్చింది. క్రీ.పూ. 104లో జరిగిన పంచాంగ సంస్కరణలో ఆయన ముఖ్యుడు.

ఆయన గ్రంథంలో ఆకాశాన్ని గూర్చిన అధ్యాయం ఒకటి ఉంది. దాని పేరుకు అర్థం దివ్య అధికారుల గ్రంథమని. పేరుకు తగ్గట్టే అందులో ఆకాశం ఒక ప్రభుత్వం. ధ్రువం దగ్గర పరమదైవపు నివాసం, దాని పక్కన మంత్రులు. మన సప్తర్షి మండలం చక్రవర్తి రథం. అది నడిమధ్య తిరుగుతూ నాలుగు దిక్కులనూ పాలిస్తుంది. మన జ్యేష్ఠా నక్షత్రంలోని మూడు తారలలో నడిమిది రాజు, ముందూ వెనుకా ఉన్నవి కుమారులు. అవి తిన్నగా ఒకే వరుసలోకి వస్తే రాజు ఆలోచన తప్పుతుందట. కృత్తికలు ఉత్తరదేశపు సంచార జాతుల తారలు. సప్తర్షుల తోక దగ్గర గుండ్రంగా ఉన్న 15 తారలు సామాన్యుల చెరసాల. లోపల తారలు నిండుగా కనిపిస్తే ఖైదీలు పెరుగుతారని, ఖాళీగా ఉంటే విడుదలవుతారని లెక్క.

ఇదంతా వట్టి నమ్మకమని తీసివేయవచ్చు. కాని చక్రవర్తి దైవాజ్ఞతో పాలిస్తున్నాడని నమ్మిన దేశంలో, ఆయనను హెచ్చరించడానికి గ్రహణమో తోకచుక్కో ఒక సాకు. అపశకునం కనిపిస్తే రాజు మొదట తన నడత దిద్దుకోవాలని, తరువాత పాలన దిద్దుకోవాలని, శాంతి పూజల వంటివి ఆ తరువాతేనని ఆ అధ్యాయంలోనే రాశాడు. 600 షి ఉద్యోగి రాసిన మాట అది.

క్రీ.పూ. 99లో లీ లింగ్ అనే సేనాని 5,000 కాలిబంట్లతో ఉత్తరాన షియుంగ్‌ను తెగల మీదికి పోయి, బాణాలు అయిపోయి, శత్రువుకు లొంగిపోయాడు. నిన్నటిదాకా పొగిడిన సభికులందరూ ఒక్కసారిగా నిందించారు. చక్రవర్తి అడిగితే, అతడు శక్తికి మించి పోరాడాడని సిమా చియాన్ ఒక్కడే చెప్పాడు. లీ లింగ్ ఆయనకు దగ్గర స్నేహితుడేమీ కాదు. పై అధికారికి నచ్చని నిజాన్ని నోటుగా రాయాలంటే చేయి ఎలా వణుకుతుందో మనకు తెలుసు. అక్కడ పోయేది ప్రమోషన్ కాదు, ప్రాణం.

చక్రవర్తిని వంచించాడన్న నేరం మోపి మరణశిక్ష వేశారు. డబ్బు కట్టి తప్పించుకోవచ్చు గాని ఆయన దగ్గర అంత లేదు. మిత్రులెవరూ ముందుకు రాలేదు. మిగిలిన దారి, పురుషత్వం తీసివేసే శిక్ష. ఆ అవమానం కంటె ఆత్మహత్యే మేలని నాటి పెద్దమనుషుల మర్యాద. ఆయన బతకడానికే ఒప్పుకున్నాడు. తండ్రికి ఇచ్చిన మాట, సగంలో ఉన్న గ్రంథం, రెండూ ఆపాయి. ఆకాశపు చెరసాలను వర్ణించినవాడు భూమి మీది చెరసాలలో కూర్చున్నాడు.

తరువాత అదే చక్రవర్తి ఆయనకు అంతఃపుర కార్యాలయంలో పెద్ద పదవి ఇచ్చాడు. తలచుకున్నప్పుడల్లా వీపున చెమట పడుతుందని మిత్రునికి రాసిన లేఖలో చెప్పుకున్నాడు. అయినా కలం దించలేదు. 130 అధ్యాయాలు, 5,26,500 అక్షరాల గ్రంథం పూర్తయింది. దానిని ఆయన కాలం తరువాత మనుమడు యాంగ్ యున్ వెలుగులోకి తెచ్చాడు.

ఆ కొలువులో ఆయనకంటె పెద్ద గ్రేడులవారు ఎందరో ఉండేవారు. వారిలో చాలామంది పేర్లు మనకు తెలిసింది ఈయన రాసిపెట్టబట్టే. మనలో ఎవరి దగ్గరైనా సగంలో ఆగిన పని ఉంటే, ఈ ఉద్యోగిని ఒకసారి తలచుకుని మళ్ళీ చేతిలోకి తీసుకోవలసిందిగా మనవి.