జీతమా, నమ్మకమా? ప్రభుత్వ ఉద్యోగుల గురించి పత్తికొండలో కన్నుమూసిన మన్రో ఏం చెప్పారు?

పొలం కొలిపించుకునే రైతుకు రెండు భయాలు. సర్వేయర్ ఎప్పటికి వస్తాడో అన్నది మొదటిది. వచ్చాక సరిగ్గా కొలుస్తాడా అన్నది రెండోది. ఈ రెండింటికీ విరుగుడు వెతికిన అధికారి ఒకరు 220 ఏళ్ల క్రితం రాయలసీమలో పనిచేశారు. ఆయనే సర్ థామస్ మన్రో. తిరుమలలో మన్రో గంగాళం, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి కనిపించారన్న కథ చాలామందికి తెలుసు. ఉద్యోగుల గురించి ఆయన ఏమనుకున్నారన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు.

మన్రో 1761 మే 27న గ్లాస్గోలో పుట్టారు. వర్తకుడైన తండ్రి అమెరికా యుద్ధంతో దివాలా తీశారు. 18 ఏళ్ల వయసులో, 1780లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగిన మన్రో, వచ్చే జీతంలోంచే ఇంటికి డబ్బు పంపేవారు. ఉద్యోగికి డబ్బు అవసరమని ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్త మండలాలు. నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ కూడా వాటిలోనిదే, కర్నూలు పట్టణం మాత్రం అప్పటికింకా నవాబు చేతిలో ఉంది. అక్కడ ప్రధాన కలెక్టర్‌గా వచ్చిన మన్రో, తన సహాయకులతో కలిసి ఏళ్ల తరబడి డేరాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగారు.

నెల జీతం నుంచి ఎకరా లెక్కకు

1802లో పొలం పొలం కొలిచే సర్వే మొదలైంది. కొలిచేవాళ్లంతా స్థానికులే. మొదట నెల జీతం ఇచ్చారు. తగినంత మంది పని నేర్చుకున్నాక, కొలిచిన ఎకరాలను బట్టి చెల్లించడం మొదలుపెట్టారు. చురుగ్గా పనిచేసేవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చేవి. అయితే తొందరలో కొలతలు తప్పుతాయి కదా. అందుకే కొలిచిన పొలాలను మళ్లీ కొలిచి చూసేందుకు పైన తనిఖీదారులను పెట్టారు. ఇప్పుడు టార్గెట్లు పెట్టే చాలా ఆఫీసులు ఈ రెండో సగాన్నే మర్చిపోతుంటాయి.

కొలత బాగున్నంత మాత్రాన రైతుకు ఒరిగింది తక్కువే. శిస్తు భారీగా పడింది. దాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో వెళ్లిపోయే ముందు మన్రో స్వయంగా సిఫార్సు చేసినా మద్రాసు ప్రభుత్వం పట్టించుకోలేదు. 1820లో ఆయనే గవర్నర్‌గా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. ఆ మధ్య ఏళ్ల భారమంతా మోసింది రైతులే.

పై మెట్టు లేని ఉద్యోగం

భారతీయ ఉద్యోగులు లంచగొండులని తోటి ఇంగ్లిష్ అధికారులు తీసిపారేసేవారు. 1824 చివర్లో రాసిన సుదీర్ఘ నోట్‌లో మన్రో ఈ మాటకు ఎదురు తిరిగారు. జీతాలు తక్కువగా ఉన్న రోజుల్లో కంపెనీ ఇంగ్లిష్ ఉద్యోగులు మాత్రం చేతులు తడుపుకోలేదా, జీతాలు పెంచాకే కదా దారికొచ్చారు అన్నది ఆయన వాదన. అయితే ఆయన జీతం దగ్గర ఆగలేదు. ఎంత బాగా పనిచేసినా ఎక్కడానికి పై మెట్టే లేకపోతే, ఎవరూ నమ్మకపోతే, గౌరవం దక్కకపోతే మనిషి నిజాయతీగా ఎందుకుంటాడని అడిగారు. పరాయి పాలన కింద అలా పక్కన పెడితే ఇంగ్లిష్‌వాళ్లు కూడా ఒకటి రెండు తరాల్లో దిగజారిపోతారని తేల్చేశారు.

అలాగని కంపెనీ పాలన తప్పని ఆయన అనలేదు, పెద్ద పదవులన్నీ తెల్లవారి చేతుల్లోనే ఉన్నాయి. న్యాయ వ్యవస్థలో మాత్రం, ఆయన సిఫార్సులతో వచ్చిన 1816 చట్టాలు గ్రామ మున్సిఫులకు చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చాయి.

పదవి నుంచి తప్పుకుంటానని మన్రో ముందే చెప్పినా బర్మా యుద్ధం వల్ల అది వాయిదా పడుతూ వచ్చింది. స్వదేశానికి వెళ్లే ముందు పాత జిల్లాలను చివరిసారి చూడాలని 1827 వేసవిలో బయల్దేరారు. గుత్తి దాటేసరికి శిబిరంలో కలరా పాకింది. జూలై 6న పత్తికొండలో ఆయనకూ సోకి, ఆ రాత్రే చనిపోయారు. ముందు గుత్తిలో పూడ్చిన అవశేషాలను తర్వాత మద్రాసులోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరున ఒక బావి తవ్వించి, చుట్టూ చెట్లు నాటించారు.