సింహాసనం కారుకు దసరా శాలువా

నిజామాబాదు జిల్లా ఏర్గట్లలో దసరా బండ్ల పండుగ కూడా. ట్రాక్టరు, వరికోత మిషను, ఆటో, గల్ఫు పైసలతో కొన్న సెకండ్‌హ్యాండు కారు, పాల క్యాన్లు మోసే మోటారు సైకిలు, అన్నీ పొద్దున్నే స్నానం చేసి, పసుపు కుంకుమలు పెట్టించుకుని, బంతిపూల దండలతో వాకిట్లో నిలబడతాయి. టైరు కింద నిమ్మకాయ చిట్లుతుంది, కొబ్బరికాయ పగులుతుంది, సాయంత్రానికి జనం జమ్మి దగ్గరికి కదులుతారు. 2016లో విజయదశమి నాడే, అక్టోబరు 11న, కొత్త జిల్లాలతో పాటు మా మండలమూ పుట్టింది. 2026 దసరాకు పదేళ్లు. ఈ పండుగ పూటే ఇంకో పెద్దమనిషికి శాలువా కప్పాలని నా మనసు. ఆయనకు ఇది 115వ ఏడు. ఉండేది హైదరాబాదు పాతబస్తీ, చౌమహల్లా ప్యాలెస్. పేరు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. బిరుదు సింహాసనం కారు. గడప దాటే అలవాటు పెద్దగా లేని మనిషి కాబట్టి శాలువా మనమే తీసుకుపోవాలి.

ఆర్డరు వెళ్లింది 1911లో. పంపినవాడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. వేసిన బట్ట మళ్లీ వేయడని పేరుబడ్డ నవాబు. పాము కరిస్తే ఆయన పేరు చెబితే చాలు విషం దిగుతుందని జనం నమ్మిన నవాబు. అప్పట్లో రోల్స్ రాయిస్ వాళ్లు పూర్తి కారు అమ్మేవాళ్లు కాదు. ఇంజనూ చక్రాలూ ఉన్న చాసిస్ ఇచ్చేవాళ్లు, బాడీ బయట కట్టించుకోవాలి. ఈ రోజుకీ లారీ కొన్నవాళ్లు చేసే పని అదే కాబట్టి మా ఊళ్లో ఎవరికీ దీన్ని వివరించనక్కర్లేదు. చాసిస్ ఒక్కటే 985 పౌండ్లు. బాడీ పని లండన్లో బార్కర్ కంపెనీ చేసింది. ఆ పని చేయించుకున్న ఆసామి మాత్రం దాన్ని చూడలేదు. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ పాషా కన్నుమూశాడు. కారు హైదరాబాదులో దిగేసరికి గద్దె మీద ఉన్నవాడు కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కొన్నవాడు ఒకడు, ఎక్కినవాడు ఇంకొకడు. ఈ కారు యజమానుల కథ మొదటి పేజీలోనే అలా మలుపు తిరిగింది.

తండ్రి నుంచి కొడుక్కు ఇంకోటి కూడా వచ్చింది, జాకబ్ వజ్రం. 184 కేరట్లు దాటిన ఆ రాయి తండ్రి జోడు ముక్కులో దొరికిందనీ, కొడుకు దాన్ని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడనీ చెప్పుకుంటారు. ఆ ఇంట్లో వజ్రం కాగితాలకు పనికొచ్చింది గానీ కారు మాత్రం ప్రయాణానికి పనికిరాలేదు. దాని మీటరు మీద తిరిగిన దూరం 356 మైళ్లని చెబుతారు. మన లెక్కలో 573 కిలోమీటర్లు. ఏర్గట్ల నుంచి హైదరాబాదు పోయి, తిరిగొచ్చి, మళ్లీ బయల్దేరితే కామారెడ్డి దాటాక ఎక్కడో అయిపోతుంది. ఒక శతాబ్దం పైబడిన ఆయుష్షుకు అంతే ప్రయాణం!

చేతగాక ఆగిపోయిన బండి అయితే నేనీ వ్యాసం రాయను. దాని వంశం సంగతి వినండి. బోనెట్ కింద 6 సిలిండర్లు, 7.4 లీటర్ల ఇంజను. సెల్ఫు స్టార్టరు లేదు, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. ముందు చక్రాలకు బ్రేకుల్లేవు, ఉన్నవి వెనకే. ఈ మోడల్ అసలు పేరు 40/50 హార్స్‌పవర్, లోకానికి కనబడింది 1906 నవంబరు, లండన్ ఒలింపియా ప్రదర్శనలో. 1907లో వెండి రంగు వేసిన ఒక కారును రోడ్ల మీదికి వదిలితే దాదాపు 15,000 మైళ్లు తిరిగి ఓర్పు పరీక్ష నెగ్గింది. సిల్వర్ గోస్ట్ అన్నది ముందు ఆ ఒక్క బండి ముద్దు పేరే, తరువాత జాతి మొత్తానికీ అతుక్కుంది. ఇక మన కారు ఆర్డరయిన 1911లోనే ఇంకో గోస్టు లండన్ నుంచి ఎడిన్‌బరోకు గేరు మార్చకుండా, టాప్ గేరులోనే నడిచి గ్యాలనుకు 24 మైళ్లకు పైగా ఇచ్చింది. అదే కారు బ్రూక్‌లాండ్స్ పందేల బాట మీద గంటకు 78 మైళ్లు అందుకుంది. తేలికపాటి బాడీ తొడిగిన దాని తోబుట్టువు అక్కడే నూరు మైళ్లు దాటింది. 1913లో ఆల్ప్స్ కొండల పోటీలో ఈ జాతి కార్లు సత్తా చాటాయి. అక్కలూ చెల్లెళ్లూ ఐరోపా కొండలెక్కుతుంటే మన పెద్దమనిషి హైదరాబాదు కోటగోడల మధ్య కుదురుగా కూచున్నాడు. రక్తం ఒకటే, సంబంధం కుదిరిన ఇల్లు వేరు.

ఆ ఇంటికి తగ్గట్టే దాని ముస్తాబు. పైకప్పు గుమ్మటంలా ఎత్తు. వెనక సీటు మిగతావాటికంటే పైకి లేపి ఒక్కరికే సింహాసనంలా కట్టారు, కారుకు ఆ బిరుదు అందుకే. పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోవాల్సిన అవసరం లేని మనిషి కోసం చేసిన కారు అది. అలాంటి కారులో మాట్లాడుకుంటూ పోవడానికి వీలుండదు గదా అని నాకు ఎప్పుడూ ఓ చిన్న జాలి. రంగు నిండు పసుపు. నిజాముల వంశం అసఫ్‌జాహీల జెండా రంగు అది. మొదటి నిజాముకు ఒక ఫకీరు పసుపు గుడ్డలో కుల్చాలు కట్టిచ్చాడనీ, ఆయన ఏడు తిన్నాడనీ, అందుకే ఏడు తరాలు ఏలారనీ కథ. ఆ కథ ఎంత నిజమో గానీ ఆ రంగు చూస్తే ఆర్మూరు, బాల్కొండ, ఏర్గట్ల రైతుకు గుర్తొచ్చేది జెండా కాదు, కల్లంలో ఆరబోసిన పంట. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే మొదలైంది. కాబట్టి రంగు వరుస చూసినా ఈ కారుకు బొట్టు పెట్టే హక్కు మాకు ఉంది.

హక్కు సరే, మనసొప్పుతుందా అని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. ఇందూరు, అంటే నిజామాబాదు, ఖిల్లా జైల్లో 1948లో కవి దాశరథి కృష్ణమాచార్యులు నిజాముకు వ్యతిరేకంగా గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడు. ఆ గోడ ఉన్న జిల్లా నుంచి నిజాము కారుకు అభినందన వ్యాసమా? వెట్టి చేసినవాళ్ల మనవలం, శిస్తు కట్టినవాళ్ల వారసులం. 985 పౌండ్లలో మా తాతల చెమట వాటా ఎంతో లెక్క కట్టలేం. అయితే ఆ లెక్క బట్టి చూసినా ఈ కారు మాదే అవుతుంది. కొన్నవాడి పేరు రసీదు మీద ఉంటుంది, కట్టినవాళ్ల పేర్లు ఉండవు. నేను శాలువా కప్పేది గద్దెకు కాదు, యంత్రానికి. పని చేసినవాడి నైపుణ్యానికి ఏ రాజుతోనూ పగ లేదు.

అదే నిజాము కాలంలో అవే ఖజానా డబ్బులతో మా వైపు వచ్చినవి కూడా గుర్తు చేసుకోవాలి. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. ఆ నీళ్లతో బోధన్ చెరకు పండింది. 1937లో, ఉస్మాన్ అలీ ఖాన్ పట్టాభిషేక రజతోత్సవం జరిగిన ఏడే, టైమ్ పత్రిక ఆయన్ను లోకంలో అందరికంటే ధనవంతుడని అట్ట మీద వేసిన ఏడే, శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. 2015 డిసెంబరులో దాని గేటు మూసేశారు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు మైళ్ల కొద్దీ వరస కట్టిన ఫ్యాక్టరీ తుప్పు పడుతోంది, 356 మైళ్లే తిరిగిన కారు నిగనిగలాడుతోంది. ఎవరి చేతిలో పడితే ఏ యంత్రం బతుకుతుందో చెప్పలేం.

ఇంకో పక్క 1932లో నిజాం సర్కారు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. మన ఆర్టీసీ తల్లివేరు అదే. బస్సు నంబర్లలో జెడ్ అక్షరం నిజాము తల్లి జెహ్రా బేగం గుర్తుగా వచ్చిందని ఇప్పటికీ అంటారు. సింహాసనం కారు నూరేళ్లలో నడిచిన దూరాన్ని మా దిక్కు పల్లెవెలుగు బస్సు రెండు మూడు రోజుల్లో దాటేస్తుంది. ఒక్కణ్ణి మోయడానికి పుట్టినది ఒకటి, ఊరందరినీ మోయడానికి పుట్టినది ఇంకొకటి. నన్ను ఏది గొప్పదని అడిగితే బస్సే అంటాను. కానీ బస్సుకు పుట్టినరోజు ఎవరూ చేయరు, అదొక అన్యాయం.

పాత కార్ల లోకంలో విలువ కట్టేది రంగును, ఇంజనును చూసి మాత్రమే కాదు. కాగితాల కట్టను చూసి. ఎవరు కొన్నారు, ఎవరికి అమ్మారు, మధ్యలో ఏ షెడ్డులో ఎన్నేళ్లు పడి ఉంది, చాసిస్ నంబరు, ఇంజను నంబరు కలిసి వచ్చాయా, బాడీ పుట్టినప్పటిదేనా. గొప్ప గొప్ప స్పోర్ట్స్ కార్ల కాగితాలు చదివితే డిటెక్టివ్ నవలల్లా ఉంటాయి. వెండి రంగు గోస్టునే తీసుకోండి. కంపెనీ దాన్ని 1908లో అమ్మేసింది, కొన్న పెద్దమనిషి దగ్గర 40 ఏళ్లు ఉంది, 1948లో మళ్లీ కంపెనీకే చేరింది. ఈ నాటికి 5 లక్షల మైళ్లు దాటిందని చెబుతారు. అదే 1948లో సెప్టెంబరు పోలీసు చర్యతో మన పసుపు కారు ఉన్న రాజ్యమే చేతులు మారింది. కారు మాత్రం మారలేదు. దాని కాగితాల కట్ట పల్చన. తండ్రి, కొడుకు, ఆ కొడుకు మనవడు, అంతే.

మనవడు ముకర్రమ్ జా. ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకును పక్కనబెట్టి ఈయన్నే వారసుణ్ణి చేశాడు. 1967 ఫిబ్రవరిలో తాత పోయాక గద్దె ఎక్కాడు. అప్పుడు నిజాము గ్యారేజీలో 60 కార్లుండగా నడిచేవి నాలుగేననీ, పట్టాభిషేకానికి వాడిన కారే దారిలో మొరాయించిందనీ ‘ది లాస్ట్ నిజామ్’ పుస్తకంలో జాన్ జుబ్రిస్కీ రాశాడు. పెట్రోలు, విడిభాగాల పద్దు మాత్రం ఏటేటా ఘనంగా నడుస్తూనే ఉందట. గ్యారేజీల్లో ఈ విద్య ఇప్పటికీ అంతరించలేదు. తమాషా ఏమిటంటే జా స్వయంగా యంత్రాల పిచ్చివాడు. చేతులకు గ్రీజు అంటితే సంతోషించే మనిషి. చివరకు హైదరాబాదు వదిలి పశ్చిమ ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గొర్రెల మేత భూముల్లో బుల్డోజర్లు నడుపుకున్నాడు.

ఆ కాలం సంస్థానాల కార్లకు గడ్డుకాలం. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. పన్నులు, వాటాల తగాదాలు, కోర్టు కేసులు మీద పడ్డాయి. దేశం నలుమూలలా మహారాజుల షెడ్లు ఖాళీ అయ్యాయి. మంచి కార్లెన్నో దళారుల చేతుల మీదుగా ఓడలెక్కి వెళ్లి ఇంగ్లండులో, అమెరికాలో వేలం పాటలకు చేరాయి. ఇంకొన్ని ఇక్కడే తుక్కు తూకానికి పోయాయి. హైదరాబాదు రాజభవనాలు కూడా పాడుబడ్డాయి. అన్ని గండాల్లోనూ ఈ సింహాసనం కారు ఇల్లు దాటకపోవడం దాని అసలు గొప్ప. అమ్మకపోవడమూ ఒక చరిత్రే. 2000 తర్వాత జా మొదటి భార్య ఎస్రా చౌమహల్లాను బాగు చేయించింది, 2005లో జనానికి తలుపులు తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయిన జాను తీసుకొచ్చి మక్కా మసీదులో పూర్వీకుల పక్కన పెట్టారు. అక్కడికి కూతవేటు దూరంలోనే కారు ఉంది.

ఒక పుకారు మీద కూడా చీపురు వేయాలి. నిజాముకు కోపమొచ్చి రోల్స్ రాయిస్‌లతో చెత్త మోయించాడని వాట్సాప్‌లో తిరుగుతుంది. ఇదే కథ ఆల్వార్ మహారాజు మీద, భరత్‌పూర్ మహారాజు మీద, పటియాలా మహారాజు మీద కూడా ఉంది. ఎక్కడా గట్టి రుజువు లేదు. ఉస్మాన్ అలీ ఖాన్ ఎంత పొదుపరి అంటే, తన పనులకు పాత డొక్కు కారులో తిరిగేవాడని పేరు. చెత్తకు కొత్త రోల్స్ వాడే రకం కాదు.

నాకు ఈ కాగితాల కట్టలో కనబడని పేరు ఒకటి ఉంది. ఆ 356 మైళ్లు తిప్పినవాడి పేరు. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పినవాడు, ఆయిలు చూసినవాడు, వానాకాలం గుడ్డ కప్పినవాడు, నూరేళ్లు తుప్పు దగ్గరికి రానివ్వనివాడు. మా ఏర్గట్ల, మోర్తాడు, బాల్కొండ వైపు నుంచి దుబాయి, కువైట్ పోయి షేకుల కార్లు నడిపిన డ్రైవర్లు ఎంతమందో. వాళ్లకు ఈ పని తెలుసు. సేఠ్ కారు మీద గీత పడితే తన ఒంటి మీద పడినట్టు ఉలిక్కిపడేవాళ్లు. అలా వచ్చిన ఓ కాకకు నేను ఈ కారు ఫోటో చూపిస్తే అడిగిన మొదటి ప్రశ్న, “డ్రైవర్‌కు నీడ ఉన్నదా బిడ్డా?”

అందుకని శాలువా ఒకటి కారుకు, ఇంకొకటి దాన్ని చూసుకున్న చేతులకు. పెద్దమనిషీ, నూట పదిహేనేళ్ల పండుగ శుభాకాంక్షలు. నిమ్మకాయ మా పెరట్లోది, పసుపు ఈ ఏటి పంటది, జమ్మి ఆకు మా ఊరి చెట్టుది. చౌమహల్లా వాళ్లకు ఒక విన్నపం. ఏడాదికి ఒక్కసారి, పండుగ పూట, నలుగురు మెకానిక్కుల మధ్య ఆ ఇంజనును జనం ముందు తిప్పండి. మా పిల్లలు దాని ఫోటో చూశారు, చప్పుడు వినలేదు. మా ఊరి నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట, పండుగ సెలవుల్లో వారం చూసుకుని బయల్దేరండి. శుక్రవారం ప్యాలెస్ మూత.