ఆగ్డెన్ తుపాకి కమ్మరి – జాన్ బ్రౌనింగ్
(మూడవ సంవత్సరం బి.యస్సీ., ఎం.పి.సి.)

తుపాకి మీద వ్యాసం కాలేజీ సావనీరులో ఎందుకయ్యా అని మిత్రులు కొందరు ముఖం చిట్లించుకోవచ్చు. ఐన్‌స్టీన్, రామన్, మేడం క్యూరీల జీవితాలు ఇలాంటి సంచికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. వారంతా మహానుభావులే, కాదనను. కాని ఆకురాయి పట్టుకుని జన్మంతా ఇనుముతో కుస్తీ పట్టిన మనిషి కథ కూడా ఒకటి మనం చదవాలని నా కోరిక. ఆయన కాలేజీ మెట్లెక్కినవాడు కాదు. అయినా పోయేనాటికి ఆయన పేరు మీద 128 పేటెంట్లున్నాయి. ఆయనే అమెరికావాడైన జాన్ మోజెస్ బ్రౌనింగ్.

నాకు తుపాకులతో పరిచయం అంతంత మాత్రం. మాది వ్యవసాయం. మా వైపు తుపాకి అంటే అడవిపందులు చేలో పడకుండా బెదిరించడానికి ఊళ్లో ఒకరిద్దరి దగ్గరుండే లైసెన్సు తుపాకే. దాన్ని విప్పి, తుడిచి, నూనె రాసి మళ్లీ బిగిస్తుంటే చిన్నప్పుడు గుడ్లప్పగించి చూసేవాణ్ణి. ఆ యంత్రం మీది కుతూహలమే నన్ను బ్రౌనింగ్ దాకా తీసుకెళ్లింది.

ఆయన 1855 జనవరి 23న యూటా ప్రాంతంలోని ఆగ్డెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి జోనథన్ తుపాకులు చేసే కమ్మరి. మార్మన్ మతం పుచ్చుకుని, ఆ మతస్థులతో పాటు 1852లో ఎడారిలాంటి ఆ ప్రాంతానికి వలసవెళ్లి కొలిమి పెట్టుకున్నాడు. ముగ్గురు భార్యలు, ఇరవై ఇద్దరు పిల్లలు. అంత సంసారాన్ని ఆ కొలిమే సాకింది. తుపాకులే కాదు, ఊళ్లో ఏ ఇనప సామాను విరిగినా అక్కడికే వచ్చేది. జాన్‌కి నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ పాత ఇనుము కుప్పే ఆటస్థలం. పదేళ్ల వయసులో ఆ కుప్పలోంచి ఒక విరిగిన గొట్టం ఏరి, చెక్క చెక్కి, తీగతో కట్టి తుపాకి చేశాడనీ, తమ్ముడు మాథ్యూతో వెళ్లి దాంతో పక్షుల్ని కొట్టుకొచ్చాడనీ వాళ్లింట్లో చెప్పుకునేవారు.

ఆ రోజుల్లో ఒక్కొక్క గుండే పెట్టి కాల్చే రైఫిళ్లు చాలా ఉండేవి. వాటిలో లోపాలేమిటో రిపేరు చేసేవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఏ స్ప్రింగు విరుగుతుందో, ఏ మర అరుగుతుందో జాన్ చేతులకి తెలుసు. 1878లో, ఇరవై మూడేళ్లకి, తానే ఒక రైఫిలు తయారుచేశాడు. కాలితో తొక్కే లేతు, సమ్మెట, ఆకురాయి, ఇవే సాధనాలు. గొట్టం వెనక భాగాన్ని మూసే ఉక్కు దిమ్మ కిందికి దిగి పైకి లేచేలా అమర్చాడు. భాగాలు తక్కువ, బలం ఎక్కువ. 1879 అక్టోబరులో పేటెంటు వచ్చింది. ఆ ఏడే పెళ్లయింది, ఆ ఏడే తండ్రి పోయాడు. అన్నదమ్ములంతా కలిసి ఒక చిన్న ఫ్యాక్టరీ పెట్టి ఆ రైఫిళ్లను కొన్ని వందలు చేసి అమ్మారు.

వాటిలో ఒకటి వించెస్టర్ కంపెనీ సేల్స్‌మన్ కంటబడింది. అతను దాన్ని కొని కంపెనీకి పంపాడు. 1883లో ఆ కంపెనీ పెద్ద టి.జి.బెనెట్ అంత దూరం రైలెక్కి ఆగ్డెన్ వచ్చి, 8,000 డాలర్లిచ్చి హక్కులు కొనుక్కున్నాడు. అదే 1885 మోడల్ సింగిల్ షాట్. అక్కణ్ణుంచి పంతొమ్మిదేళ్లు బ్రౌనింగ్ చేయడం, వించెస్టర్ కొనడం. 1886 మోడలు, 1892 మోడలు, 1894 మోడలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కింది మీటను చేత్తో ముందుకి తోసి వెనక్కి లాగితే కాలిన తూటా బయటపడి కొత్తది లోపలికి ఎక్కే రైఫిళ్లివి. సినిమాల్లో కౌబాయ్‌ల చేతుల్లో చూస్తుంటాం కదా, ఆ జాతి. 1894 మోడలు ఒక్కటే డెబ్భై లక్షలకు పైగా తయారయింది. పొగలేని మందుకి సరిపడే ఉక్కుతో 1895లో అది వచ్చాక పాత నల్లమందు రైఫిళ్లు వెనకబడ్డాయి.

ఇక్కడొక పక్కమాట. పాత రైఫిళ్లు సేకరించేవాళ్లు ఈ 1894 మోడల్ని చూడగానే ముందు అడిగేది, ఇది 1964కి ముందుదా, తర్వాతదా అని. ఆ ఏడాది కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి, దిమ్మ ఉక్కులోంచి మరపట్టి తీసే కొన్ని భాగాల్ని రేకు నొక్కి, లోహపు పొడి అచ్చుపోసి చేయడం మొదలుపెట్టింది. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మీట కదిపితే తేడా చేతికి తెలుస్తుందట. నాకిది వింత అనిపించలేదు. కమ్మరి కొట్టిన కర్రుకీ సంతలో కొన్న కర్రుకీ తేడా మా తాతనడిగితే కళ్లు మూసుకుని చెప్తాడు. ఇంకోటి, కెమిస్ట్రీ మిత్రుల కోసం. బ్రౌనింగ్ పోయాక ఆయన వారసులు పెట్టిన కంపెనీ 1960ల చివర్లో, తుపాకుల బాడీకి వాడే వాల్‌నట్ చెక్కను త్వరగా ఆరబెట్టడానికి ఉప్పు వాడింది. ఉప్పు గాలిలో తేమను పీల్చింది. చెక్కకి తగిలిన ఉక్కు లోపల్లోపలే తుప్పుపట్టింది. ఆ ఏళ్ల తుపాకి అమ్మకానికొస్తే ఇవాళ్టికీ మరలు విప్పి చెక్క కింద చూడనిదే తెలిసినవాళ్లు కొనరు.

మళ్లీ కథలోకి వద్దాం. 1889లో ఒకరోజు స్నేహితులు గురి కొడుతుంటే బ్రౌనింగ్ చూస్తున్నాడు. గుండు వెళ్లిన ప్రతిసారీ గొట్టం మూతి దగ్గరి గడ్డి వాలిపోతోంది. ఆ గడ్డిని అంతకుముందు చూడనివాళ్లెవరు? కాని వాయువులో ఉన్న ఆ శక్తి వృథాగా పోతోందే అని తోచింది ఆయన ఒక్కడికే. మూతి దగ్గర ఒక ఇనపముక్క అమర్చి, ఆ వాయువు దాన్ని తంతే, ఆ తన్నుతోనే తుపాకి తనంతట తాను గుండు ఎక్కించుకునేట్టు చేశాడు. అది ముదిరి 1895లో కోల్ట్ కంపెనీ మెషిన్‌గన్ అయింది. దాని కింద ఒక చేయి ఊగుతూ నేలను తవ్వేట్టుండేదని సైనికులు దాన్ని బంగాళాదుంపలు తవ్వేది అని పిలిచేవారు.

తర్వాత ఆయన దృష్టి చేతి పిస్టలు మీద పడింది. మన డిటెక్టివ్ నవలల్లో రివాల్వర్, పిస్టలు ఒకటే అన్నట్టు రాసేస్తారు. రివాల్వర్లో తిరిగే గుండ్రని గది ఉంటుంది. బ్రౌనింగ్ చేసిన పిస్టల్లో తూటాలు పిడిలో ఉంటాయి. గుండు ముందుకి పోతుంటే తుపాకి వెనక్కి తంతుంది కదా, అదే మనం ఇంటర్‌లో చదివిన న్యూటన్ మూడవ నియమం. ఆ తన్నుతో పై భాగం వెనక్కి జారి, కాలిన తూటాను బయటికి విసిరి, స్ప్రింగు తోస్తే ముందుకొస్తూ కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. అయితే గుండు గొట్టం దాటకముందే వెనక భాగం తెరుచుకుంటే కాల్చేవాడి ముఖానికే ప్రమాదం. అందుకని బలమైన పిస్టళ్లలో గొట్టం, పై భాగం కలిసి కొంచెం దూరం వెనక్కి జరుగుతాయి. ఈలోగా గుండు వెళ్లిపోతుంది, ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు గొట్టం కిందికి వంగి విడిపోతుంది. దీని పేటెంటు 1897 నాటిది. ఇవాళ ప్రపంచంలో చేస్తున్న పిస్టళ్లలో చాలావాటికి మూలం ఇదే.

1902లో వించెస్టర్‌తో తెగిపోయింది. కారణం మనలాంటి రైతుబిడ్డలకి ఇట్టే అర్థమవుతుంది. అంతవరకూ ఆయన ప్రతి నమూనానూ గుత్తగా అమ్మేశాడు. కంపెనీ కొన్న నలభైకి పైగా నమూనాల్లో బజారులోకి వచ్చినవి పదీ పరకా. మిగతావి పోటీవాళ్ల చేతిలో పడకుండా బీరువాలో పెట్టుకున్నారు. తానే స్వయంగా గుండు ఎక్కించుకునే షాట్‌గన్ చేశాక, ఈసారి గుత్త కాదు, అమ్మిన ప్రతి తుపాకి మీదా నాకు పాలు కావాలన్నాడు బ్రౌనింగ్. బెనెట్ ఒప్పుకోలేదు. బ్రౌనింగ్ లేచి రెమింగ్టన్ కంపెనీకి వెళ్లాడు. ఆఫీసులో ఎదురుచూస్తుండగానే దాని అధ్యక్షుడు గుండె ఆగి చనిపోయాడన్న కబురు వచ్చింది. అప్పుడాయన నమూనా పట్టుకుని ఓడెక్కి బెల్జియం వెళ్లాడు. అక్కడ లియేజ్ పక్కన హెర్‌స్టాల్‌లో ఎఫ్.ఎన్. అనే ఫ్యాక్టరీ ఉంది. అప్పటికే ఆయన పిస్టళ్లు చేస్తున్నది వాళ్లే. లియేజ్ తరతరాల తుపాకి పనివాళ్ల ఊరు. అమెరికన్ యంత్రాలు, ఆ ఊరి చేతిపనీ కలిసేసరికి వచ్చిన నాణ్యానికి తిరుగులేదు. ఆ షాట్‌గన్ పేరు ఆటో-5. అది 1998 దాకా తయారవుతూనే ఉంది! గుత్తకిచ్చి ఉంటే బీరువాలో పడి ఉండేదేమో.

అమెరికా సైన్యానికి కొత్త పిస్టలు కావాల్సొచ్చింది. 1911 మార్చిలో పరీక్ష పెట్టారు. బ్రౌనింగ్ గీసి కోల్ట్ కంపెనీ చేసిన పిస్టలుతో 6,000 గుళ్లు కాల్చారు. ఒక్కసారైనా మొరాయించలేదు. పోటీకొచ్చిన శావేజ్ పిస్టలు పలుమార్లు ఆగింది. మార్చి 29న ఆమోదం వచ్చింది. ఆ పిస్టలు పేరే ఎం.1911. 1985 వరకూ, అంటే డెబ్భై నాలుగేళ్లు, అదే వాళ్ల సైన్యపు పిస్టలు. రెండవ ప్రపంచ యుద్ధంలో దీన్ని తుపాకుల కంపెనీలే కాదు, మన కచేరీల్లో టక్కుటక్కుమన్న రెమింగ్టన్ టైపురైటర్ల కంపెనీ కూడా చేసింది. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ సరిగ్గా 500 చేసింది. సింగర్ పనితనం అంత బాగుందట. ఇప్పుడు ఆ 500లో ఒకటి వేలానికొస్తే లక్ష డాలర్లు దాటి పోతుంది. మా ఇంటి వసారాలో ఉన్న సింగర్ మిషన్ని ఇది తెలిశాక వేరే కళ్లతో చూస్తున్నాను.

1914 మొదట్లో ఎఫ్.ఎన్. వాళ్లు పదిలక్షల బ్రౌనింగ్ పిస్టళ్లు పూర్తయిన సందర్భంగా ఉత్సవం చేశారు. బెల్జియం రాజు ఆయనకి బిరుదు ఇచ్చాడు. ఫ్రెంచి భాషలో బ్రౌనింగ్ అంటే పిస్టలు అనే అర్థమే వచ్చేసింది. అదే ఏడు జూన్ 28న సరయేవోలో గవ్రిలో ప్రిన్సిప్ అనే కుర్రాడు ఆస్ట్రియా యువరాజునూ ఆయన భార్యనూ కాల్చి చంపాడు. అతని చేతిలో ఉన్నది ఎఫ్.ఎన్. 1910 మోడల్ బ్రౌనింగ్. జేబులో ఇమిడేట్టు, స్ప్రింగును గొట్టం చుట్టూ తిప్పి సన్నగా చేసిన పిస్టలు. రెండే గుళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం అక్కణ్ణుంచి రాజుకుంది. ఆగస్టులో జర్మన్ సైన్యం లియేజ్‌ని ఆక్రమించింది. ప్రిన్సిప్‌కి అప్పుడు పందొమ్మిదేళ్లు, నాకంటే ఒక ఏడు చిన్న.

దీనిమీద హాస్టల్లో మా గదిలో ఒకరాత్రి పెద్ద వాదనే జరిగింది. కత్తి చేసిన కమ్మరిది నేరమెలా అవుతుందన్నాను నేను. కత్తితో కొబ్బరికాయ కొట్టుకోవచ్చు, కూర తరుక్కోవచ్చు, జేబులో పట్టే పిస్టలుతో మనిషిని కాల్చడం తప్ప ఏం చేస్తామన్నాడు నా గదిమిత్రుడు. దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆరువేల గుళ్లకి ఆగకపోయినా ఆగిపోవాల్సిన చోట ఆగనిది మంచి పనితనమేనా అని కూడా అడిగాడు. పనితనం మంచిదే. ఆ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. మిగతాది వాడు అడిగిన చోటే ఉంది.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు బ్రౌనింగ్ నీళ్లతో చల్లబరిచే మెషిన్‌గన్నూ, ఒక్క మనిషి మోసే ఆటోమేటిక్ రైఫిలునూ ఇచ్చాడు. మెషిన్‌గన్ పరీక్షలో 20,000 గుళ్లు ఏకధాటిగా కాల్చింది. ప్రభుత్వం హక్కులకి ఇస్తానన్న సొమ్ము రాయల్టీ లెక్కన రావాల్సినదానిలో చిన్న భాగమే అయినా, వించెస్టర్‌తో పాలు కోసం పట్టుబట్టిన ఆ మనిషే ఈసారి బేరమాడకుండా ఒప్పుకున్నాడు. కొడుకు వాల్, సైన్యంలో లెఫ్టినెంటుగా, 1918లో ఫ్రాన్సు యుద్ధభూమిలో తండ్రి రైఫిలు పట్టాడు.

ముసలితనంలోనూ ఓడెక్కి హెర్‌స్టాల్ వెళ్లడం మానలేదు. 1926 నవంబరు 26న అక్కడే, ఆ ఫ్యాక్టరీలోనే, గుండె ఆగి పోయాడు. డెబ్భై ఒకటో ఏట. బల్ల మీద అప్పటికి ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుండే షాట్‌గన్ పని మిగిలి ఉంది. దాన్ని వాల్ పూర్తిచేశాడు. ఆయన దేహాన్ని ఆగ్డెన్ తెచ్చి పూడ్చారు.

ఆయన చివరి పిస్టలుకి పేటెంటు 1927 ఫిబ్రవరిలో, పోయిన మూడు నెలలకి, వచ్చింది. ఎఫ్.ఎన్.లో ఆయన శిష్యుడిలాంటి సేవ్ అనే ఇంజనీరు దాన్ని దిద్ది, పిడిలో 13 తూటాలు పట్టేట్టు చేసి 1935లో బయటికి తెచ్చాడు. అదే హైపవర్. రెండవ యుద్ధంలో బెల్జియం జర్మనీ చేతిలో పడ్డాక హెర్‌స్టాల్‌లో అది జర్మన్లకి తయారైంది. కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ అదే పిస్టల్ని మిత్రదేశాలకి చేసింది. అటూ ఇటూ ఒకే తుపాకి! ఆ కెనడా నమూనాయే తర్వాత మన దేశానికి వచ్చింది. కలకత్తా దగ్గర ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో 9 ఎం.ఎం. 1ఎ అనే పేరుతో తయారై, ఏళ్ల తరబడి మన సైనికుల, పోలీసు అధికారుల నడుముకి వేలాడింది ఆ ఆగ్డెన్ కమ్మరి పిస్టలే.