రాక్స్‌బర్గు దొరయు చెఱకు ముచ్చెయు

బోధను శక్కరనగరులో 1937లో వెలసిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. నాటినుండి దానిని మరల నడిపింపవలెనను మాట సభలలోను పత్రికలలోను వినబడుచునే వచ్చినది. యంత్రము లెన్ని బాగుచేయవలయునో, అప్పు లెంత తీర్పవలయునో పెద్దలు లెక్కలు వేయుచు వచ్చిరి. మే మడుగదలచిన ప్రశ్న వేఱు. ఆ గానుగల కందింపవలసిన చెఱకునకు విత్తన మెచ్చటినుండి తెత్తురు? వడ్లు గాదెలో నిలువయుండును. పెసలు కుండలో నిలువయుండును. చెఱకు విత్తన మట్టిది కాదు. అది ప్రాణముతోనున్న గడ. ఈ యేడు ఎవరి పొలముననో నిలిచియున్న తోటయే వచ్చు నేటి విత్తనము. ఎకరము నాటుటకు మూడేసి కన్నులుగల ముచ్చెలు సుమారు 16 వేలు కావలయును. చెఱకు మాని వరికి మరలిన పల్లెలో ఆ ముచ్చెలు పెట్టెలో వెదకిన దొరకవు, బజారులో కొన్నను దొరకవు.

ఈ ముచ్చెకు తెనుగునాట వ్రాతమూలకమైన చరిత్ర యొకటి కలదు. రైతు గడను కోసి, గణుపులు చూచి, బురదలో నాటు విధమును గట్టున నిలిచి కన్నులార గాంచి, కొలతలతో సహా వ్రాసి యచ్చున కెక్కించినవాడు స్కాట్లండు దేశపు వైద్యుడొకడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని లోకము పేర్కొను విలియం రాక్స్‌బర్గు ఆతడే. ఆతడు తెనుగు నేలపై గడపిన పండ్రెండేండ్ల కథ మనవారిలో పలువురెఱుగరు. కంపెనీ కొలువుకాని చరిత్ర మన పత్రికలో నేల యని యడుగువా రుండవచ్చును. ఆ చరిత్రలో మన రైతు పాలు మిక్కిలి గలదు గావుననే వ్రాయుచున్నాము.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండునందలి క్రెయిగీ యను చోట జనించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించెను. మందులన్నియు మూలికలనుండియే రావలసిన కాలమగుటచే ఆనాటి వైద్యునకు మొక్కల పరిజ్ఞానము తప్పనిసరి. జాన్ హోపు అను ఆచార్యుని సన్నిధిని ఆ విద్య యాతనికి కేవలము వృత్తిసాధనముగా గాక వ్యసనముగా పరిణమించెను. కంపెనీ యోడలలో కొంతకాలము వైద్యసహాయకుడుగా తిరిగి, 1776లో మదరాసు వైద్యశాఖలో ప్రవేశించెను. 1781లో సామర్లకోట దండునకు వైద్యుడై వచ్చెను.

సామర్లకోట గోదావరి మండలమున నున్నది. నిజాంసాగరమునుండి చూచిన దూరమే. కాని మన మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలసి యా వైపునకే పోవుచున్నది. 1931లో నిజాంసాగరము పూర్తియైన పిమ్మట గోదావరీ కృష్ణా తీరముల రైతులు ఆ నీటి జాడనే యెదురు పట్టి వచ్చినట్లు వచ్చి, మన కాలువల క్రింద స్థిరపడిరి. వారి పల్లెలకు క్యాంపులను పేరు నేటికిని నిలిచియున్నది.

దండులో రోగులను చూచిన పిమ్మట మిగిలిన ప్రొద్దంతయు రాక్స్‌బర్గు మొక్కలకే వినియోగించెను. రోజునకు పలుమాఱులు వేడిమిని, గాలి యొత్తిడిని, వానను కొలిచి వ్రాసికొనెడివాడు. లిన్నేయసు మహాశయుని శిష్యుడైన కోనిగు ఆతనికి స్నేహితుడు. ఆ కోనిగు 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. రెండేండ్లకు, 1787లో, కోరంగి తీరమును ముంచిన యుప్పెనలో రాక్స్‌బర్గు కూర్చుకొన్న పుస్తకములును ఎండుమొక్కలును కొట్టుకొనిపోయెను. మఱియొకడైన స్వదేశమునకు తిరుగు నోడ నెక్కియుండును. ఈతడు మరల మొదటినుండి కూర్చుకొనెను.

ఆ పనిలో ఆతనికి తోడుపడినవారు దేశీయులు. మొక్క తెచ్చినది వారు, దాని పేరు చెప్పినది వారు, గుణము చెప్పినది వారు, బొమ్మ వ్రాసినది వారు. సామర్లకోటలో వ్రాయించిన ఆ చిత్రములలో నుండి ఏర్చి, కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథమును 1795 మొదలుకొని లండనులో భాగభాగములుగా ప్రకటించిరి. మూడు సంపుటములు, 300 పటములు. ఆ పటములపై గీసిన మన చిత్రకారుల పేర్లు లేవు. అయినను మొక్కల తెనుగు పేర్లను మాత్ర మాతడు విడువలేదు. లాటిను నామము ప్రక్కన తెలింగులు దీని నిట్లందురని వ్రాయుచువచ్చెను. జ్వరములకు సింకోనా బెరడునకు బదులుగా పనిచేయునని యాతడు పరీక్షించిన సోమిద చెట్టునకు తరువాతి శాస్త్రజ్ఞులు పెట్టిన జాతినామమే సోయ్మిడా. మన యడవి మాట లాటినులో చేరి నేటికిని చెలామణి యగుచున్నది.

కంపెనీకి కావలసినది చెట్ల పేర్లు గావు, చెట్లవలన వచ్చు రాబడి. 1787లో సామర్లకోట యెగువ కొండలలో అడవి మిరియపు తీగె కనబడగానే తోట వేయు మని ప్రోత్సహించిరి. మిరియపు తీగె ముక్కనుండి పుట్టును. వేలకొలది తీగెలు నాటించిరి. లాభము మాత్రము వారు తలచినంత రాలేదు. తెడ్లపాల యాకునుండి నీలిమందు తీయవచ్చునని యాతడు చూపెను. నీలిమం దనగానే మన యొడలు జలదరించును. తరువాతి కాలమున వంగ బీహారు రైతులు ఆ రంగువలన పడిన బాధ లెఱుగని వారెవరు? ఆ తప్పు ఈ వైద్యునిది గాదు. కాని యాతని పరిశోధనకు సొమ్ము పెట్టినవారి దృష్టి యెటున్నదో దీనివలన తెలియును.

ఇక చెఱకు. 1791లో కరీబియను సముద్రమునందలి ఫ్రెంచివారి సాన్ డొమింగో ద్వీపమున బానిసలు తిరుగబడిరి. చక్కెర ధర లైరోపాలో ఆకాశమునంటెను. అదే కాలమున ఇంగ్లండులో వేలకొలది కుటుంబములు బానిసల చెమటతో పండిన చక్కెరను ముట్టమని మానివైచిరి. పరదేశపు వస్తువును బహిష్కరించుట యేమో మనము నేర్పిన విద్య యని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. బానిసలు లేని దేశమున చక్కెర పండునా యని కంపెనీవారు తూర్పునకు చూచిరి. ఆ సందర్భముననే రాక్స్‌బర్గు రాజమహేంద్రవరపు సర్కారులో హిందువులు చెఱకు సాగుచేయు విధమును, బెల్లము చక్కెర వండు విధమును వివరించి యొక వ్యాసము వ్రాసెను.

ఆ వ్యాసము నేటి చెఱకు రైతు చదివినను తన పొలమే యనుకొనును. పెద్దాపురపు జమీందారీలో ఏలేరు నీటి క్రింద వేసవిలో దుక్కి దున్ని, నీరు పెట్టి నేలను మెత్తపఱచి, ఒకటి రెండు గణుపుల ముచ్చెలను బురదలో చేతితో నొక్కి నాటుదురు. వరుసకును వరుసకును నడుమ నాలుగడుగులు. ముచ్చెకును ముచ్చెకును నడుమ అడుగున్నర. వర్షములు ముదిరి గడ మూడడుగు లెత్తు ఎదిగినప్పుడు ఆకులను గడలచుట్టు చుట్టి వెదుళ్లకు కట్టుదురు. మనవారు జడచుట్టు అనునది యిదియే. గాలివానకు తోట పడకుండుటకును, నక్కలు పందులు చొరకుండుటకును ఇంతకంటె చౌకయైన యుపాయము నేటివరకు పుట్టలేదు. జనవరి ఫిబ్రవరి నెలలలో గడ కొట్టి గానుగ నాడించి, పెనమున కాచి బెల్లము దింపుదురు.

ఇందులో మాకు మిక్కిలి విలువగా తోచిన భాగము వేఱొకటి. ఆ రైతులు ఒకే చేనిలో మూడు నాలుగేండ్ల కొకమాఱు మాత్రమే చెఱకు వేయుదురనియు, నడుమ యేండ్లలో నేలకు బలమిచ్చు పైరులు, ముఖ్యముగా కాయజాతి పప్పుధాన్యములు వేయుదురనియు, ఏ పైరు నేలను బాగుచేయునో తెలియుటలో హిందూదేశపు రైతును మించినవాడు లేడనియు రాక్స్‌బర్గు ఒప్పుకొనెను. కాయజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు దెచ్చునని ఐరోపా శాస్త్రజ్ఞులు ఋజువుచేసినది 1886 పిమ్మట. దానికి సుమారు నూఱేండ్లు ముందే పెసర మినుములు వేసి పొలమునకు విశ్రాంతి నిచ్చినవాడు పెద్దాపురపు కాపు. కొలువులో నుండి పాలితుని జ్ఞానము నిట్లంగీకరించిన దొరలు ఎందఱో లేరు. ఆ యొక్క గుణమునకే మే మీతనిని గౌరవించుచున్నాము. మన కాలువల క్రింద ఏటేట ఒకే చేలో ఒకే పైరు వేసి, బస్తాలకు బస్తాలు ఎరువు కొనుచున్నవారు ఈ ప్రకరణమును రెండుమాఱులు చదువవలెను.

చక్కెర వ్యాసము వ్రాసిన యేండ్లలోనే సర్కారులను ఘోరక్షామము పట్టెను. 1789 మొదలుకొని వరుసగా వానలు తప్పెను. 1792 నాటికి ఊళ్లు పాడుపడెను. తన వానలెక్కలను ముందు పెట్టుకొని, స్థానికుల వద్ద నున్న పాత వ్రాతలను విచారించి, నూఱేండ్ల క్రిందట గూడ ఇట్టి యనావృష్టి సంభవించెనని రాక్స్‌బర్గు కనుగొనెను. క్షామము దైవికమైన యాకస్మికము గాదు, మరల మరల వచ్చునది. రానున్నదానికి ముందే చెట్లు నాటి సిద్ధపడవచ్చు నని యాతని భావము. కాలువగట్ల మీద, ఊరి చుట్టును కొబ్బరి, తాడి, ఖర్జూరము, సాగో, అరటి, పనస, సీమపనస, తుదకు నాగజెముడును గూడ విరివిగా పెంచుడని మదరాసువారికి వ్రాసెను. ధాన్యము పోయినను చెట్టు నిలుచును. చెట్టు కాయక పోయినను దాని మొవ్వయో దుంపయో మనుష్యుని నాలుగు దినములు బ్రతికించును.

ఈ పట్టికను మా పాఠకురాండ్రు, పెరటితోట గల యిల్లాండ్రు, శ్రద్ధతో చూతురని మా కోరిక. ఇందు మిక్కిలి మొక్కలు కాసు ఖర్చులేక పెరుగునవి. అరటి పిలకను ఇరుగుపొరుగువా రడుగకయే యిత్తురు. సీమపనస వేరుముక్కనుండి లేచును. నాగజెముడు మట్ట పడిన చోట నాటుకొనును. మునగకొమ్మ, మల్లె యంటు, కరివేప పిలక, తమలపు తీగె ముక్క ఇట్టివే. మన యిందూరు సీమ పసుపు సంగతి చెప్పనక్కరలేదు: విత్తనపు కొమ్ములను నీడలో పసుపాకు కప్పి కాపాడి, మృగశిర కార్తె రాగానే నాటుదురు. తల్లి మొక్కలో నొక ముక్క బిడ్డ మొక్క యగుట ఈ పెంపకమున కంతకును మూలసూత్రము. గింజనుండి పుట్టినది తల్లిని పోలవచ్చును, పోలకపోవచ్చును. ముక్కనుండి పుట్టినది తల్లియే. తల్లికి తెగులున్న బిడ్డకును తెగులే. కావున ముక్క కోయుటకు ముందు మొక్కను చూడవలెను. చెఱకులో కుళ్లు పట్టిన గడను విత్తనమునకు కోయని రైతు పాటించునది ఈ సూత్రమే.

మదరాసువారు సూచనను చదివిరి, చేసినది స్వల్పము. సుంకము రాని చెట్టును కంపెనీ యేల నాటును?

1793లో రాక్స్‌బర్గు కలకత్తా చెంత శిబపురమునందలి కంపెనీ వృక్షోద్యానమునకు అధికారియై పోయెను. అతడు చేరునాటికి తోటలో మూడువందల జాతులుండగా, వదలునాటికి మూడువేల అయిదువందల వఱకు పెరిగెను. అక్కడ చేసిన పనులలో మన విషయమునకు చేరినది చీనా చెఱకు. 1796లో ఆ చెఱకు చీనానుండి యాతనికి చేరెను. సన్ననిది, గట్టిది, చెదలును నక్కలును దానిని సులువుగా చెఱుపలేవు. ఆతడు దానిని వెంటనే యూరూర పంచిపెట్టలేదు. తోటలో నాటి, పెంచి, కోసి, మరల నాటి, ముచ్చెలు చాలినన్ని యైన పిమ్మటనే వంగదేశపు సాగుదార్ల కిచ్చెను. ముచ్చె త్వరపెట్టిన పెరుగునది గాదు. ఒక యెకరపు విత్తనపు తోట మఱుసటి యేట ఎనిమిది పది యెకరములకు మించి చాలదు.

బోధను యంత్రముల లెక్కలు వేయువారు ఈ లెక్కయు వేసికొందురు గాక. కర్మాగారపు తాళము తీయుటకు రెండేండ్లు ముందే విత్తనపు మళ్లు పచ్చగా నిలువవలెను. రుద్రూరులో చెఱకు పరిశోధన క్షేత్రము చేరువనే యున్నది. తెగులులేని మేలిరకపు లేతగడ నచ్చట తీసికొని, కాలువ మొదట నున్న నమ్మకమైన రైతులకు ముందుగా నియ్యవలెను. కొల్చిన గడకు సొమ్ము ఏ తేదీన ముట్టునో ఆ రైతులకు కాగితము మీద వ్రాసి యియ్యవలెను. ఇన్నాళ్లు బకాయిలకై తిరిగి తిరిగి విసిగిన రైతు ఒట్టిమాటకు ముచ్చె నాటడు.

ఎండదెబ్బలకును జ్వరములకును శరీరము సడలి 1813లో రాక్స్‌బర్గు కలకత్తా విడిచెను. త్రోవలో సెయింట్ హెలీనా ద్వీపమున కొంతకాల మాగినప్పుడు సయితము అచ్చటి మొక్కల పట్టిక వ్రాసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. ఆతని తోటలోని మొక్కల పట్టికను 1814లో శ్రీరామపురమున అచ్చు వేయించినవాడు క్రైస్తవ బోధకుడైన కేరీ పండితుడు. జీవితమంతయు వ్రాసిన హిందూదేశ వృక్షవర్ణనము మాత్ర మాతని కన్నుల యెదుట వెలువడలేదు. 1820లో కొంత భాగమును, 1832లో సమగ్రముగాను కేరీయే దానిని వెలువరించెను. మోదుగు, మద్ది, కరక, తాని, చండ్ర యను మన మాటలు ఇంగ్లీషు అక్షరములలో ఒదిగి యా మూడు సంపుటములలో నేటికిని కనబడుచున్నవి. వానిని పలికిన సామర్లకోట జనుల పేర్లు ఒక్కటియు వానిలో కానరావు.