ఫ్రాంక్లిను దోషపట్టిక

సద్గుణములను గొనియాడువారు లోకమున బెక్కండ్రు గలరు. తమ దోషములకు దినదినమును లెక్క వ్రాసికొనువారు మిక్కిలి యరుదు. అమెరికా దేశస్థుడగు బెంజమిన్ ఫ్రాంక్లిను అట్టివాడు.

ఆయన 1706వ సంవత్సరమున బోస్టను నగరమున, కొవ్వొత్తులును సబ్బును జేసి యమ్ముకొను నొక సామాన్యుని యింట జనించెను. పదునేడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరి, అచ్చుపనివలన జీవనము సంపాదించుకొనెను.

1730 ప్రాంతమున ఆయన తన నడవడిని సంస్కరించుకొన సంకల్పించెను. మంచిచెడ్డలు తెలిసినంతమాత్రమున అలవాటు మారదనియు, చెడ్డ యలవాటును పెకలించి దాని తావున మంచిదానిని నాటవలెననియు గ్రహించెను. అన్నపానములందు మితము, మౌనము, క్రమము, పొదుపు, పరిశ్రమ, న్యాయము మొదలగు పండ్రెండు గుణములను చిన్న పుస్తకమున వ్రాసికొనెను. అన్నిటిని ఒక్కమారు సాధింపబూనిన నేదియు సిద్ధింపదని యెంచి, వారమునకొక గుణముపై విశేషదృష్టి నిలిపి, ప్రతి రాత్రియు నాటి తప్పులకు నల్లని చుక్కలు పెట్టుచుండెను. తల తేటగా నున్నగాని తక్కినవి సాధ్యముగావని మితమును మొదట నుంచెను.

ఆయనకు గర్వము గలదని స్నేహితుడొకడు చెప్పగా, వినయమును పదుమూడవదిగా జేర్చెను. పదుమూడు వారములకొక యావృత్తి, ఏటికి నాలుగు. చుక్కలను చెరిపి చెరిపి కాగితము చిల్లులు పడగా, దంతపు రేకులపై వ్రాసి తడి స్పాంజితో తుడుచుచుండెను. క్రమము మాత్రమాయనకు పట్టుపడలేదు. అయినను ఆ ప్రయత్నమువలన మునుపటికంటె మేలైనవాడనైతినని వృద్ధాప్యమున వ్రాసికొనెను.

ఇచ్చట చదువరులు నిలిచి యాలోచింపవలయును. పట్టికలో న్యాయము గలదు. అయినను పిమ్మట బహు సంవత్సరములు ఆయన యింట దాసులుండిరి. ఆయన పత్రికలో దాసవిక్రయ ప్రకటనలు వెలువడెను. ఆ దోషమునకు నల్లచుక్క పడలేదు. దానిని ఆయన యప్పుడు దోషముగా నెంచలేదు. తుదకు కన్ను దెరచి, 1787లో పెన్సిల్వేనియా దాస్యనిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. దాస్యమును మాన్పింపుడని 1790 ఫిబ్రవరిలో అమెరికా శాసనసభకు విన్నపము పంపెను. అది ఫలింపలేదు. ఆ ఏప్రిలు 17వ తేదినే ఆయన పరమపదించెను.

దీనినుండి మేము గ్రహించినది యిది. మన పట్టికకు మన కంటబడిన దోషములే యెక్కును. ఫ్రాంక్లినునకు గర్వమును జూపుటకు మిత్రుడు కావలసి వచ్చెను. కావున చదువరులారా, ఈ రాత్రియే యొక పట్టిక వ్రాసికొనుడు. దానిలో ఒక గడిని మాత్రము ఖాళీగా నుంచుడు. మీ యింట మీ మాటకు లోబడియుండువారిని భయము లేకుండ బలుకనిచ్చి, వారు చూపిన దోషమును అందు వ్రాసికొనుడు.