సర్ జాన్ చార్న్లీ

ఇంగ్లాండు దేశమున, అప్పట లాంకషైరు మండలములో చేరియుండిన బరీ యను పట్టణము కలదు. అచ్చట 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన జాన్ చార్న్లీ జన్మించెను. తండ్రి మందుల దుకాణము నడపువాడు. తల్లి రోగుల పరిచర్యలో శిక్షణ పొందినది. చార్న్లీ మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి 1935లో పట్టము పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనిక వైద్యుడై ఈజిప్టునకు పోయి, అచ్చటి కర్మశాలలలో యంత్రనిపుణులతో కలసి పనిచేసెను.

ఆ కాలమున తుంటికీలు అరిగినవారి బాధకు అంతు లేకుండెను. కొందఱు వైద్యులు తొడయెముక తలను తొలగించి, దాని స్థానమున కృత్రిమమైన గుండు నమర్చుచుండిరి. అట్టి గుండు గల ఒక రోగి కదలినప్పుడెల్ల కిఱ్ఱుమని చప్పుడు వచ్చుచుండెను. ఆ మోత భరింపలేక అతని భార్య గది విడిచి పోవుచుండెనట! ఈ సంగతి చార్న్లీని ఆలోచింపజేసెను.

లోపము చప్పుడొక్కటియే కాదు. గుండునకు గల లోహపు కాడ ఎముక లోపల కొన్ని తావులందు మాత్రమే ఆనియుండును. మనుష్యుని బరువంతయు ఆ తావులందే పడును. అచ్చట ఎముక నలిగి కాడ వదులగును. ఒక్కొక్కప్పుడు కాడ కొనయొద్ద ఎముకయే విఱుగును. గోడ కట్టువాడు ఎగుడుదిగుడు రాళ్ల నడుమ సున్నము నింపినగాని బరువు అంతటను సమముగ పరచుకొనదు గదా! చార్న్లీ ఈ మర్మము నెఱిగెను. మాంచెస్టరు దంతవైద్య విద్యాలయమున రసాయనశాస్త్రజ్ఞుడగు డెన్నిస్ స్మిత్ సలహాతో, కట్టుడు పండ్లకు వాడు ఆక్రిలిక్కును 1958లో ఎముకలో నింపి, అందు కాడను నిలిపెను. పొడిని ద్రవముతో కలిపిన కొన్ని నిమిషములకే అది గట్టిపడును. అది జిగురు వలె అంటించునది కాదు. బరువును ఎముక యంతటికి పంచునది.

గుండు తిరుగు గిన్నెను ఆయన టెఫ్లానుతో చేయించెను. రోగులు నొప్పి లేక నడచిరి. కాని కొలది యేండ్లలోనే టెఫ్లాను అరిగి, ఆ రేణువులు చుట్టునున్న భాగములను చెఱుపసాగెను. దాదాపు 300 మందికి ఆ గిన్నెలు అమర్పబడియుండెను. చార్న్లీ తన పొరపాటును దాచలేదు. టెఫ్లాను రేణువులను తన తొడలోనే చొప్పించుకొని పరీక్షించి, ఫలితమును 1963లో వైద్యపత్రికలో ప్రకటించెను. తా నమర్చిన గిన్నెలను తానే తీసివేయ పూనుకొనెను.

1962లో ఒక వర్తకుడు పాలిథిలీను తునకను తెచ్చెను. చార్న్లీ దానిని చూచి పెదవి విఱిచెను. అయినను ఆయన సహాయకుడు హ్యారీ క్రేవెన్ దానిని అరుగుదల యంత్రమున కెక్కించెను. టెఫ్లాను ఒక దినమున అరుగునంత, అది మూడు వారములకును అరుగలేదు! చార్న్లీ తన తలంపును వెంటనే మార్చుకొని, ఆ యేడు నవంబరులో దానితో గిన్నెను అమర్చెను. కాని ఈసారి తొందరపడలేదు. ఏండ్ల తరబడి ఫలితములు చూచిన పిదపనే ఆ కీలును ఇతర వైద్యులకు విరివిగ అందనిచ్చెను. తమ మరణానంతరము కీలును పరీక్షింపనిండని రోగులను కోరగా పలువు రంగీకరించిరి.

ఆయనకు 1977లో సర్ బిరుదము లభించెను. 1982 ఆగస్టు 5వ తేదీన ఆయన మరణించెను. నేడు ప్రపంచమున లక్షలాది జనులు కృత్రిమమైన తుంటికీలుతో నడచుచున్నారు. తన తప్పును ముందుగా తానే యొప్పుకొన్న వైద్యుని ఋజుత్వము ఆ నడకకు ఆధారము.